ఎర్రచుక్క గడులు

రాజోలు బస్టాండు వెనకాల నా నెట్ సెంటర్.
కరెంటు పోతే ఇన్వర్టర్ నలభై నిమిషాలు,
ఆపైన మీ అదృష్టం.
పాన్ కార్డులు, పాస్‌ఫోటోలు, చెరువుల వాళ్ళ మేత బిల్లులు,
ముద్ర పడని ముసలి వేళ్ళని
తడిగుడ్డతో తుడిచి మళ్ళీ నొక్కించడం,
అన్నీ నేనే.

ఆ పిల్ల మధ్యాహ్నం రెండింటికొచ్చింది.
ఓలేటి గంగాభవాని, పాతమొగ.
కాయితాలున్న కవరు మీద
మీసాలు తిప్పుతున్న రొయ్య బొమ్మ.
"సుస్థిరత శాస్త్రం, డిగ్రీ. ఇయ్యాలే ఆఖరండి."
నర్సింగు తెలుసు, ఆక్వా డిప్లొమా తెలుసు,
ఇదేంటమ్మా అన్నాను.
"ఉన్నదాన్ని ఉండేలా చూసుకోడం అండి."
అంత చిన్న మాటకి నాలుగేళ్ళా?
పైకి అనలేదు.
గంటకి ముప్పై తీసుకుంటాను,
అందులో అభిప్రాయాలు కలవవు.

అర్హతలు పైకి చదివాను.
ఇంటర్లో లెక్కలో జీవశాస్త్రమో ఉండాలి. ఉంది.
అరవై శాతం. ఎనభై ఒకటి.
రసాయనశాస్త్రంలో తొంభై నాలుగు చూసి
ట్యూషనెక్కడమ్మా అంటే
"మా బోరింగు నీళ్ళు ఓ గుక్క తాగండి, మీకూ వస్తాయి" అంది.

క్షేత్రానుభవం, ఉంటే రాయవచ్చు.
ఎర్రచుక్క లేదు. వదిలెయ్యమంది.
నేనే గుచ్చి గుచ్చి అడిగితే తేలింది:
రెండేళ్ళుగా అర్ధరాత్రి లేచి
చెరువుల్లో ఆక్సిజన్ చూసేది,
గట్టవతల చేలో ఉప్పెంత పాకిందో
పాత డైరీలో ఎక్కించేది.
కూలి చెరువుది. డైరీ తనది.
ఫీజు పన్నెండొందలు లెక్కపెట్టింది.
నోట్లకి రొయ్యల షెడ్డు వాసన.

శాశ్వత చిరునామా. ఎర్రచుక్క.
"రెండు డ్యాష్ నలభై ఏడు, పాతమొగ."
ప్రస్తుత చిరునామా కూడా అదేనా? టిక్కు పెట్టబోయాను.
"కాదండి. తుఫాను షెల్టరు, మేడ మీద రెండో గది.
ఇల్లు కార్తీకంలో పోయింది.
ఓ గోడుంది, ఆటుకి కనపడద్ది."

మరి నివాస ధ్రువపత్రం?
తీసి ఇచ్చింది.
ఇంటిపన్ను రసీదుంది కానీ
ఇల్లు చూపిస్తేగాని సంతకం పెట్టనన్నాడంట వీఆర్వో.
అమావాస్య దాకా ఆగింది.
ఆ రోజు నీళ్ళు బాగా వెనక్కి లాగుతాయి.
ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి,
గోడ మీద రంగుతో రాసిన నంబరు
వేలితో తడిమి చూసి,
అక్కడే ఆవిడ వీపు మీద కాయితం ఆనించి
సంతకం పెట్టాడంట.
"పచ్చ సిరా కొంచెం అలికిందండి. పనికొస్తదా?"

ఆయ్, పనికొస్తదన్నాను.
ఫైలు రెండొందల కేబీ దాటకూడదు.
నూట తొంభై ఆరుకి కుదించాను.
ఊరు పట్టింది.

ఈ కోర్సు ఎందుకు? మూడొందల మాటల్లో.
కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాను.
రెండు వేళ్ళతో కొట్టింది, చెరిపింది, కొట్టింది.
చూడకూడదు, చూశాను:
"గోదారి తేవలసిన ఒండ్రు పైనే ఆగిపోతోంది.
మా అమ్మ సముద్రానికి కోపం వచ్చిందంటుంది.
నాకు కోపం కాదు, లెక్క కావాలి."
అక్కడ కరెంటు పోయింది.
ఇన్వర్టర్ కూతలో మిగతాది పూర్తి చేసింది,
మొత్తం తొంభై మాటలు.
ఇంకా రాయొచ్చమ్మా అంటే
"ఉన్నది అంతేనండి" అంది.

దరఖాస్తు నంబరు వచ్చింది. ప్రింటు తీశాను.
గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.
"సీటొస్తే ఉత్తరం పోస్టులో పంపుతారంట కదా, ఏ చిరునామాకి?"
రూల్సు మళ్ళీ చదివాను.
శాశ్వతానికే.
"ఎప్పుడు?"
జులైలో.

నవ్వలేదు. వెనక్కొచ్చింది.
నా గోడ మీది క్యాలెండరు రెండు కాయితాలు ఎత్తి
జులైలో అమావాస్య ఎన్నో తారీఖో చూసుకుని
బస్సుకి పరిగెత్తింది.